వైజాగ్‌లో ఓటెయ్యడానికి వెళ్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

పోలింగ్ బూత్ లోపల మనకి పనుండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. సంతకం పెట్టడం, వేలు చాపడం, బటన్ నొక్కడం, అంతే. ఎలక్షన్ డ్యూటీలు చేసిన టీచర్‌గా చెప్తున్నా, ఓటు వెయ్యకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళలో బటన్ నొక్కడం రాక పోయేవాళ్ళు దాదాపు ఉండరు, లిస్టులో పేరు లేకో, పేరు వేరే బూత్‌లో ఉండో, కార్డు ఇంట్లో మర్చిపోయో, లేపోతే ఎవరో ఒకాయన "మీ ఓటు లేదండీ" అంటే అది నమ్మేసో వెళ్ళిపోతారు. అందుకే ఇందులో సగం పోలింగ్ రోజు కంటే ముందు చేసుకోవాల్సిన పనుల గురించే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొట్టమొదట బుర్రలోంచి తీసెయ్యాల్సిన మాట ఒకటుంది: "నాకు ఓటర్ కార్డుంది కాబట్టి నాకు ఓటుంది". కాదు. రైలెక్కినప్పుడు జేబులో ఆధార్ ఉందని బెర్త్ ఇచ్చెయ్యరు కదా, చార్ట్‌లో పేరుండాలి. ఇదీ అంతే. ఓటర్ల జాబితాలో పేరుంటేనే ఓటు, కార్డు కేవలం ఆ పేరు మనదే అని చూపించుకోడానికి. జాబితాని ఎప్పటికప్పుడు సవరిస్తూనే ఉంటారు, ఇల్లు మారినవాళ్ళవి, చనిపోయినవాళ్ళవి, రెండేసి చోట్ల ఉన్నవీ తీసేస్తుంటారు, ఆ ఊపులో ఒక్కోసారి ఉన్నవాళ్ళవీ పోతాయి. పోయినసారి ఓటేశాం కదా అని ధీమాగా ఉండకండి.

చూసుకోడం చాలా తేలిక. ఎలక్షన్ కమిషన్ వాళ్ళ ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో గానీ, వాళ్ళ యాప్‌లో గానీ మీ ఎపిక్ నంబర్ కొట్టండి (ఓటర్ కార్డు మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాది చూడండి, అదే), వివరాలు వచ్చేస్తాయి. నంబర్ గుర్తులేకపోతే పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, వయసు పెట్టి వెతకొచ్చు, కాకపోతే మన పేర్ల స్పెల్లింగులు ఒక్కో కార్డులో ఒక్కోలా ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. ఫోన్లతో పడలేనివాళ్ళు 1950కి కాల్ చెయ్యొచ్చు, మీ ఏరియా బీఎల్ఓని (ఓటర్ల జాబితా చూసుకునే బూత్ లెవెల్ ఆఫీసర్) పట్టుకుని అడగొచ్చు. పేరు కనపడ్డాక మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: అసెంబ్లీ నియోజకవర్గం, పార్ట్ నంబర్ (జాబితాలో మీ బూత్‌కి సంబంధించిన భాగం), అందులో మీ సీరియల్ నంబర్. దాంతోపాటు పోలింగ్ స్టేషన్ ఏ స్కూల్లోనో కూడా అక్కడే ఉంటాది. కాగితం మీదే ఎందుకంటున్నానో ఫోన్ల సంగతి దగ్గరికొచ్చాక మీకే అర్థమవుతుంది.

నియోజకవర్గం ఏంటో నాకు తెలీదా అంటారేమో, వైజాగ్‌లో అది అంత తేలిక కాదండీ. సిటీకే తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం అని నాలుగున్నాయి, ఇటు గాజువాక, అటు భీమిలి. మధురవాడలో ఫ్లాట్ కొనుక్కుని "మేం వైజాగ్ సిటీ" అనుకునేవాళ్ళ ఓటు భీమిలి నియోజకవర్గంలో ఉంటాది. ఎంవీపీ కాలనీ, ఆరిలోవ, పెదవాల్తేరు తూర్పులోకి వస్తాయి, వన్‌టౌన్, జగదాంబ, మహారాణిపేట దక్షిణంలోకి, సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు ఉత్తరంలోకి, గోపాలపట్నం, మల్కాపురం పశ్చిమంలోకి. రోడ్డుకి ఇటో నియోజకవర్గం అటో నియోజకవర్గం ఉండే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి పక్కింటాయన్ని అడిగి వెళ్ళిపోకండి. ఇక పెందుర్తి వాళ్ళది ఇంకో తమాషా, ఉండేది విశాఖ జిల్లాలోనే గానీ ఎంపీ ఓటు మాత్రం అనకాపల్లి పార్లమెంటుకి పడుతుంది. విశాఖ పార్లమెంటులోకేమో విజయనగరం జిల్లాలో ఉన్న శృంగవరపుకోట వస్తుంది. కాబట్టి మిషన్ దగ్గరికెళ్ళి "మా ఎంపీ క్యాండిడేట్ పేరు లేదేంటి" అని కంగారు పడకుండా, మనం ఎవరికి ఓటెయ్యగలమో ముందే చూసుకుని వెళ్ళండి.

ఇల్లు మారారా? అయితే ఫారం 8. సొంత నియోజకవర్గంలోనే వీధి మారినా, గాజువాక నుంచి మధురవాడకి మారినా, పేరులో తప్పు దిద్దుకోవాలన్నా, కార్డు పోయి కొత్తది కావాలన్నా అన్నిటికీ ఇదే ఫారం. ఫారం 6 అనేది అసలు ఎప్పుడూ ఓటు లేనివాళ్ళకి, మొదటిసారి నమోదయ్యేవాళ్ళకి మాత్రమే. ఈ తేడా తెలీక ఇల్లు మారినవాళ్ళు మళ్ళీ ఫారం 6 పెట్టి రెండు చోట్ల పేర్లు పడేలా చేసుకుంటారు, తర్వాత వెరిఫికేషన్‌లో ఏది తీసేస్తారో తెలీదు. 18 నిండేవాళ్ళకి ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు, 17 దాటిన పిల్లలు ముందే అప్లై చేసి పెట్టుకోవచ్చు. ఇంటర్ సెకండియర్ పిల్లలున్న తల్లిదండ్రులు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) అప్లికేషన్‌తో పాటు ఇది కూడా చేయించేస్తే ఓ పనైపోతుంది. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే మాత్రం కష్టం, నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందు వరకూ వచ్చిన అప్లికేషన్లే ఆ ఎలక్షన్‌కి తీసుకుంటారు, ఆ తర్వాతవి పక్కనపెట్టేస్తారు.

వైజాగ్‌లో ఉండే జనంలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే. ఎలక్షన్ అనగానే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కాలుపెట్టే సందుండదు, పలాస బస్సులు, పార్వతీపురం బస్సులు కిటకిటలాడిపోతాయి. ఊళ్ళో ఓటుంచుకోవడం తప్పని నేననను, అక్కడ అమ్మానాన్నా ఉంటారు, అన్నదమ్ములు వార్డు మెంబరుకో సర్పంచికో పోటీ చేస్తుంటారు. కానీ ఊళ్ళో ఒకటీ ఇక్కడ ఒకటీ పెట్టుకోవడం మాత్రం చట్టప్రకారం నేరం. నమోదు ఫారంలో అబద్ధం రాస్తే ఏడాది వరకూ జైలు శిక్ష పడే సెక్షనే ఉంది. పదేళ్ళుగా కంచరపాలెంలో ఉంటూ, ఇక్కడి కాలవల గురించి, ఇక్కడి నీళ్ళ గురించి రోజూ తిట్టుకుంటూ, ఓటు మాత్రం ఊళ్ళో వేసొచ్చే మా బంధువులు బోలెడుమంది. 2024లో రాష్ట్రం మొత్తమ్మీద పోలింగ్ 80 శాతం దాటితే మన సిటీ నియోజకవర్గాలు దానికి బాగా కింద ఉండిపోయాయి, అందులో ఇలాంటి వాళ్ళ వాటా కూడా ఎంతో కొంత ఉండే ఉంటాదని నా అనుమానం.

ఇప్పుడు స్లిప్పు, కార్డు సంగతి. పోలింగ్‌కి కొన్ని రోజుల ముందు బీఎల్ఓ ఇంటింటికీ ఓటర్ స్లిప్పులు పంచుతారు. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోతే అవి లిఫ్ట్ పక్కన బల్ల మీదే ఉండిపోతాయి, వెళ్ళి వెతుక్కోండి. రాకపోయినా కొంప మునిగిపోదు, స్లిప్పు లేనంత మాత్రాన ఓటెయ్యనివ్వకపోవడం ఉండదు, కాకపోతే స్లిప్పు ఉంటే మీ సీరియల్ నంబర్ వెతకడం లోపలున్నవాళ్ళకి తేలిక. స్లిప్పు ఒక్కటే పట్టుకెళ్తే మాత్రం చెల్లదు, అది గుర్తింపు కార్డు కాదు. ఓటర్ కార్డు ఉంటే సరే, లేపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పెన్షన్ కాగితం, ఉపాధి హామీ జాబ్ కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, వీటిలో ఏదైనా పర్లేదు. ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థలు ఇచ్చే ఫొటో ఐడీ కార్డు కూడా చెల్లుతుంది కాబట్టి స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, హెచ్‌పీసీఎల్ వాళ్ళు మెడలో వేలాడేసుకునే కార్డుతోనే వచ్చెయ్యొచ్చు. రేషన్ కార్డు మాత్రం ఈ లిస్టులో లేదు, మన దగ్గర పెద్దవాళ్ళు ముందు పట్టుకొచ్చేది అదే.

ఇంకో రెండు అనుమానాలు అందరికీ వస్తాయి. పాత ఓటర్ కార్డు శ్రీకాకుళం అడ్రస్‌తో ఉంది, పేరేమో ఇక్కడి జాబితాలోకి మార్చుకున్నాను, ఆ కార్డు పనికొస్తుందా? వస్తుంది, ఇక్కడి జాబితాలో పేరుంటే చాలు. కార్డులో పేరు అక్షరం తేడా పడింది, వెనక్కి పంపేస్తారా? మనిషి మీరే అని తెలుస్తుంటే చిన్నచిన్న అచ్చుతప్పులు పట్టించుకోవద్దనే మాకు ట్రైనింగ్‌లో చెప్తారు. ఫొటో ఎవరో వేరేవాళ్ళది పడితే మాత్రం పైన చెప్పినవాటిలో ఇంకో కార్డు దగ్గర పెట్టుకోండి.

టైము. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకి మన సిటీలో 2024లో ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పెట్టారు, ప్రతీ ఎలక్షన్‌కీ టైం వేరేగా ప్రకటిస్తారు కాబట్టి పేపర్లో చూసుకోండి. మే నెల అయితే ఏడింటికే వెళ్ళిపోండి, నా మాట వినండి, తొమ్మిది దాటిందంటే సముద్రం పక్కనుండే ఆ ఉక్కపోత మనిషిని నిలబడనివ్వదు. 2024లో పోలింగ్ పడింది సరిగ్గా మే 13నే. లేటయినవాళ్ళకి ఒక మంచి మాట ఏంటంటే, ముగింపు టైముకి మీరు క్యూలో ఉంటే చాలు, ఎంత రాత్రయినా మీ ఓటు వేయించుకోవాల్సిందే. ఆ టైం అవ్వగానే క్యూలో ఉన్నవాళ్ళకి చీటీలు ఇస్తారు, అది కూడా చివర నిలబడ్డాయన దగ్గర మొదలుపెట్టి ముందుకి ఇచ్చుకుంటూ వస్తారు, మధ్యలో వెనకొచ్చి కలిసిపోకుండా. కాబట్టి ఐదున్నరకి గుర్తొచ్చినా బండి తియ్యండి.

ఫోన్. పోలింగ్ స్టేషన్ లోపలికి ఫోన్ రానివ్వరు. ఈమధ్య గేటు దగ్గర డబ్బాలో గానీ సంచిలో గానీ పెట్టుకునే ఏర్పాటు చేస్తున్నారు, అది కూడా స్విచ్ఛాఫ్ చేసి. నా సలహా అయితే ఇంట్లోనో బండి డిక్కీలోనో పెట్టేసి రావడం, లేపోతే జంటగా వచ్చినవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెళ్ళడం. ఫోన్లో డిజీలాకర్ చూపిస్తాను, వాట్సాప్‌లో ఆధార్ ఫొటో ఉంది అనేవాళ్ళు ప్రతీసారీ ఉంటారు, ఫోనే రానివ్వనప్పుడు అందులో కార్డుండి ఏం లాభం. అసలు కార్డు, ఇందాక రాసుకోమన్న కాగితం జేబులో ఉంటే చాలు.

బయట పార్టీల వాళ్ళు టేబుళ్ళు వేసుకుని కూర్చుంటారు, ల్యాప్‌టాపుల్లో లిస్టు పెట్టుకుని చిటికెలో నంబర్ తీసి చీటీ రాసిస్తారు. వాళ్ళు 100 మీటర్ల అవతల ఉండాలి. అక్కడ చీటీ తీసుకోవడం తప్పేం కాదు, దానికి మీరేం రుణపడిపోరు, కానీ పార్టీ గుర్తు ముద్రించిన చీటీ పట్టుకుని లోపలికి రాకండి, మెడలో కండువా, టోపీ, బ్యాడ్జీ కూడా తీసెయ్యండి. ఆ 100 మీటర్ల లోపల ఫలానా గుర్తుకి వెయ్యమని చెవిలో చెప్పినా ప్రచారం కిందకే వస్తుంది, పోలీసులకి చెప్పొచ్చు.

గేటు లోపలికొచ్చాక జనం చేసే పెద్ద పొరపాటు కనపడ్డ క్యూలో నిలబడిపోవడం. ఒక్కో స్కూల్లో నాలుగైదు పోలింగ్ స్టేషన్లు ఉంటాయండీ, ఒక్కో క్లాస్‌రూంలో ఒకటి. అరగంట ఎండలో నిలబడి లోపలికొచ్చాక "మీది ఈ రూం కాదమ్మా, ఆ మూల రూం" అంటే ఆ ముసలావిడ మొహం చూడలేం. గేటు దగ్గర్లోనే ఓటర్ల సహాయ కేంద్రం అని ఒక టేబుల్ ఉంటాది, బీఎల్ఓలు అక్షరక్రమంలో లిస్టు పెట్టుకుని కూర్చుంటారు, ముందు అక్కడికెళ్ళి పార్ట్ నంబర్, సీరియల్ నంబర్ చెప్పి ఏ గదో కనుక్కుని అప్పుడు క్యూలోకెళ్ళండి. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేరే లైన్లు. పెద్దవాళ్ళు, దివ్యాంగులు, చంటిపిల్లల తల్లులు లైన్లో నిలబడక్కర్లేదు, నేరుగా ముందుకి వెళ్ళొచ్చు, మొహమాటపడకుండా అక్కడున్న పోలీసాయనకి చెప్పండి.

ఇక లోపల. మొదటి టేబుల్ దగ్గర కూర్చున్నాయన చేతిలో ఓటర్ల జాబితా ఉంటాది. మీ కార్డు చూసి, సీరియల్ నంబరూ పేరూ పైకి గట్టిగా చదువుతాడు, ఎందుకంటే పక్క బెంచీ మీద పార్టీల ఏజెంట్లు కూడా అదే లిస్టు పెట్టుకుని టిక్కులు పెట్టుకుంటుంటారు. రెండో టేబుల్ దగ్గర రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో పెట్టించుకుని, ఎడమచేతి చూపుడు వేలికి సిరా గీస్తారు, గోరు మీద నుంచి కిందికి చర్మం మీదకి వచ్చేలా ఒక గీత. వేలికి నూనో క్రీమో ఉంటే తుడిచి మరీ పెడతారు. సిరా వద్దంటే ఓటు లేదు. తర్వాత ఒక చీటీ చేతికిస్తారు, దాన్ని పట్టుకెళ్ళి మూడో ఆయనకి ఇస్తే ఆయన వేలు మీద సిరా ఆరిందో లేదో చూసి, తన దగ్గరున్న కంట్రోల్ యూనిట్‌లో బటన్ నొక్కుతాడు. అది నొక్కితేనే లోపల అట్టల చాటునున్న మిషన్ మీ ఓటుకి రెడీ అవుతుంది.

చాటుకెళ్ళాక మిషన్ మీద పచ్చ లైటు వెలుగుతుందో లేదో చూడండి, వెలగకపోతే కంగారుపడి బటన్లు నొక్కకుండా అక్కడి నుంచే చెప్పండి. పచ్చ లైటుంటే, మీరనుకున్న పేరు, ఫొటో, గుర్తు ఉన్న వరసలో చివరున్న నీలం బటన్ గట్టిగా నొక్కండి. ఆ వరసలో ఎర్ర లైటు వెలుగుతుంది, పక్కనున్న వీవీప్యాట్ (చీటీ ముద్రించే మిషన్) అద్దం వెనక ఒక చీటీ కనపడుతుంది, అందులో మీరేసిన క్యాండిడేట్ నంబరూ పేరూ గుర్తూ ఉంటాయి, 7 సెకన్లు కనపడి డబ్బాలో పడిపోతుంది. తర్వాత పొడుగ్గా బీప్ అని సౌండొస్తుంది. ఆ సౌండ్ వినే దాకా బయటికి రావద్దు. చీటీ మీ చేతికి రాదు, దానికోసం డబ్బా కింద చెయ్యి పెట్టి వెతికేవాళ్ళని చూశాం. రెండోసారి నొక్కినా, పది సార్లు నొక్కినా పడేది ఒక్క ఓటే.

పేర్లు ఏ వరసలో ఉంటాయో తెలిస్తే వెతుక్కోవడం తేలిక. ముందు గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీల వాళ్ళు, తర్వాత గుర్తింపు లేని చిన్న పార్టీల వాళ్ళు, ఆఖర్న ఇండిపెండెంట్లు, ఒక్కో గుంపులో తెలుగు అక్షరక్రమం. అన్నిటికన్నా చివర నోటా. ఒక్కో మిషన్‌లో 16 వరసలే పడతాయి. 2024లో విశాఖ పార్లమెంటుకి 33 మంది పోటీ చేశారు, నోటాతో కలిపి 34, అంటే రెండు మిషన్లకి కూడా పట్టదు, మూడోది కావాలి. అలాంటప్పుడు మొదటి మిషన్ చూసి "నోటా లేదే" అనో "మావాడి గుర్తు లేదే" అనో గాభరా పడకుండా పక్కపక్కనే ఉన్నవన్నీ చూసుకోండి. అప్పట్లో పార్లమెంటు, అసెంబ్లీ ఒకేరోజు కదా, రెండు ఓట్లు, రెండు చాటులు. పార్లమెంటుది తెల్ల కాగితం, అసెంబ్లీది గులాబీ కాగితం, మిషన్ మీద అతికించిన రంగు చూస్తే తెలిసిపోతుంది. ఒకటేసి సరాసరి గుమ్మం వైపు నడిచేవాళ్ళని "అమ్మా ఇంకోటుంది, ఇటు రండి" అని పిలవడమే ఆ రోజు మాకు సగం పని.

మీరు నొక్కిందొకటి, చీటీలో వచ్చిందొకటి అనిపిస్తే? ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి (ఆ బూత్‌కి ఇన్‌ఛార్జి) చెప్పే హక్కుంది. ఆయన మీ దగ్గర రాతపూర్వకంగా డిక్లరేషన్ తీసుకుని ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమైతే ఆ మిషన్‌లో పోలింగ్ ఆపేస్తారు, అబద్ధమని తేలితే కేసు మీ మీదే. కాబట్టి సరదాకి చేసే పని కాదు. లోపల ఫొటో తియ్యడం, ఎవరికేశామో పైకి చెప్పడం, చూపించడం కూడా రూల్స్‌కి విరుద్ధమే. సిరా వేలితో సెల్ఫీలు గేటు బయటికొచ్చాక ఎన్నైనా తీసుకోండి.

ఇప్పుడు అసలు గొడవలొచ్చే చోటు. మీరెళ్ళేసరికి మీ పేరు మీద ఎవరో అప్పటికే ఓటేసేసి ఉన్నారనుకోండి. చాలామంది తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. వెళ్ళిపోకండి. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని టెండర్ ఓటు అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే మిషన్ మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు, ముద్ర వేసి ఇస్తే కవర్లో విడిగా పెడతారు. మామూలు కౌంటింగ్‌లో దాన్ని లెక్కపెట్టరన్నది నిజమే, కానీ మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి అధికారికంగా మిగిలే రుజువు అదొక్కటే, రేప్పొద్దున్న ఫలితం మీద కోర్టుకెళ్తే దానికి విలువుంటుంది.

ఇంకోటి, ఎవరో పార్టీ ఏజెంటు లేచి "ఈయన ఆ మనిషి కాదు" అంటాడు. అనడానికి అతనికి హక్కుంది గానీ ఆపడానికి లేదు. 2 రూపాయలు కట్టి అభ్యంతరం పెట్టాలి, ప్రిసైడింగ్ ఆఫీసర్ విచారించి తేలుస్తారు, మీరు కరెక్టయితే ఓటేస్తారు. పెన్షన్ ఐడీయో ఆధారో చేతిలో ఉన్నవాళ్ళు దీనికి భయపడక్కర్లేదు. అలాగే కొందరి పేర్ల పక్కన, ఇంట్లో లేరు, ఇల్లు మారారు, చనిపోయారు అని వేరే లిస్టుంటుంది మా దగ్గర. అందులో మీ పేరుంటే కాస్త ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు, అంతేగానీ జాబితాలో పేరున్నవాళ్ళని కార్డు చూపించాక కూడా వెనక్కి పంపడానికి లేదు. పేరు పూర్తిగా తీసేసి ఉంటే మాత్రం ఆ రోజు ఎవరూ ఏం చెయ్యలేరు, కలెక్టర్ వచ్చినా అంతే, అందుకే మొదట్నుంచీ ముందు చూసుకోండి ముందు చూసుకోండి అని నస పెడుతున్నా.

ఇంట్లో పెద్దవాళ్ళున్నారా, 85 దాటినవాళ్ళకి, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంటి దగ్గరే ఓటేసే వీలుంది, దానికి ఫారం 12డీ నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లో ఇచ్చెయ్యాలి, బీఎల్ఓని అడిగితే తెచ్చిస్తారు. ఒకసారి దానికి ఒప్పుకున్నాక బూత్‌కొచ్చి వేస్తానంటే కుదరదు. బూత్‌కే వస్తామనేవాళ్ళకి ర్యాంపు, వీల్‌చైర్ ఉంటాయి, చూపు లేనివాళ్ళకి మిషన్ మీద బ్రెయిలీ అంకెలుంటాయి, లేపోతే 18 నిండిన ఒకర్ని తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడొచ్చినవాళ్ళు ఆ రోజుకి ఒక్కరికే తోడు రావాలి, వీధిలో ముసలాళ్ళందరికీ ఒకడే తోడొస్తానంటే ఒప్పుకోరు, ఎందుకో మీకు తెలుసు.

ఉద్యోగాలు. పోలింగ్ రోజు ప్రైవేటు కంపెనీ అయినా షాపు అయినా జీతంతో కూడిన సెలవివ్వాలని చట్టంలోనే ఉంది, రోజుకూలీలకీ వర్తిస్తుంది. పని ఆపితే ప్రమాదమో భారీ నష్టమో అయ్యే చోట్ల మాత్రం మినహాయింపుంది, బ్లాస్ట్ ఫర్నేస్‌ని ఓటు కోసం ఆర్పలేరు కదా, అలాంటివాళ్ళు షిఫ్ట్ ముందో తర్వాతో చూసుకోవాలి. నైట్ చేసొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి కాసేపు పడుకుని లేచి వెళ్దాం అనుకోకుండా దారిలోనే వేసేసి వెళ్ళి పడుకోండి. నేవీలో ఉన్నవాళ్ళు సొంతూళ్ళో సర్వీస్ ఓటరుగా నమోదైతే పోస్టల్ బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, వాళ్ళు బూత్‌కి రానక్కర్లేదు.

డబ్బుల గురించి ఒక్క ముక్క. పంచడం, తీసుకోవడం రెండూ నేరమే. ఫొటోనో వీడియోనో తీసి ఎలక్షన్ కమిషన్ వాళ్ళ సీవిజిల్ యాప్‌లో పెడితే మీ పేరు బయటికి రాకుండానే కంప్లయింట్ ఇవ్వొచ్చు. తీసుకున్నవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోండి, ఎవరికి వేశారో వాళ్ళకి తెలిసే మార్గమే లేదు, "మాకు తెలిసిపోద్ది" అని ఎవడైనా బెదిరిస్తే అది ఉత్త బెదిరింపే.

ఆఖరుగా జీవీఎంసీ (మన గ్రేటర్ విశాఖ కార్పొరేషన్) ఎన్నికలు, ఇవి వేరే లెక్క. వీటిని నడిపేది కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. ఓటర్ల జాబితా మూలం అసెంబ్లీదే గానీ దాన్ని వార్డులవారీగా విడగొట్టి మళ్ళీ వేస్తారు కాబట్టి అసెంబ్లీకి వేసిన స్కూల్లోనే బూత్ ఉండాలని లేదు, సీరియల్ నంబర్ కూడా మారిపోతుంది, మళ్ళీ చూసుకోవాల్సిందే. 2021 ఎన్నికలప్పుడు 98 వార్డులున్నాయి, మీరు వేసేది కార్పొరేటర్‌కి మాత్రమే, మేయర్‌ని ఆ గెలిచినవాళ్ళు ఎన్నుకుంటారు. 2021 మార్చి 10న జరిగినప్పుడు మిషన్లు కాదు, కాగితం బ్యాలెట్, స్వస్తిక్ ముద్ర. మళ్ళీ కాగితమే ఇస్తే ఇలా చెయ్యండి: ముద్ర ఒక్కటే వెయ్యాలి, మీరనుకున్న గుర్తున్న గడి లోపలే పడాలి, గీత మీద వేస్తే ఎవరిదో తేలక చెల్లకుండా పోయే ప్రమాదం. సంతకం, వేలిముద్ర, పేరు, దండం బొమ్మ ఏమీ పెట్టొద్దు, మీరెవరో తెలిసే గుర్తుంటే ఆ ఓటు పోతుంది. సిరా ఒక్క క్షణం ఆరనిచ్చి, ముందు నిలువుగా మడవండి, తర్వాత అడ్డంగా. అడ్డంగా ముందు మడిస్తే తడి ముద్ర వెళ్ళి ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. మడిచింది జేబులో పెట్టేసుకోకుండా ప్రిసైడింగ్ ఆఫీసర్ ఎదురుగా ఉన్న పెట్టెలో వేసి రండి.